డిక్కీన్ వెనకాల కిల్లార్నీ దాకా: బస్ టూర్ మానేసి మేం చేసిన ప్రయాణం

ముందే చెప్పేస్తున్నా, ఇది ఐర్లాండ్‌లో టూరిస్టులంతా బస్సుల్లో చుట్టొచ్చే 'రింగ్ ఆఫ్ కెర్రీ' రోడ్డు మీద పోస్టు కాదు. రెండేళ్ళ కిందట డబ్లిన్ నుంచి ఒక టూర్ కంపెనీ బస్సులో ఆ ముచ్చటా తీర్చుకున్నాం. తెల్లారకముందే ఎక్కించి, రాత్రి భోజనాల వేళ దాటాక దించారు. మధ్యలో ఎక్కడ దిగినా పది నిమిషాలే, బాత్రూం క్యూకే సరిపోయింది. అప్పుడే మా ఆవిడ "మళ్ళీ ఇట్లాంటి బస్సు ఎక్కిస్తే నేను ఇంట్లోనే ఉంటా" అని తేల్చేసింది.

ఈసారి నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఎక్కడికి తీసుకెళ్ళాలా అని నేను టెన్షన్ పడుతుంటే దారి మావాడు చూపించాడు. వాడికి తొమ్మిదేళ్ళు. వాడి స్కూల్లో క్రికెట్ లేదు, అందరూ గేలిక్ ఫుట్‌బాలే ఆడతారు. పాతకాలం ఆటగాడు ఒకరి గురించి రాసుకురమ్మని ప్రాజెక్ట్ ఇస్తే, వాడు డిక్ ఫిట్జెరాల్డ్‌ని పట్టుకొచ్చాడు. కిల్లార్నీ మనిషి, 1880లలో పుట్టినవాడు. ఊరంతా ముద్దుగా 'డిక్కీన్' అనేవాళ్ళట. ఐరిష్‌లో పేరు చివర ఆ 'ఈన్' తగిలిస్తే మనం 'చిన్నోడు' అన్నట్టు. కెర్రీ జిల్లా తరఫున ఆల్ ఐర్లాండ్ టైటిల్ (జిల్లాల మధ్య జరిగే జాతీయ పోటీ) ఐదుసార్లు గెలిచాడు: 1903, 1904, 1909, 1913, 1914. చివరి రెండిట్లో కెప్టెన్ కూడా అతనే. సరే, ఈయన వెనకాలే తిరుగుదాం అనుకున్నాం. క్రోక్ పార్క్, కిల్లార్నీ, కాస్త ఓపిక ఉంటే వేల్స్‌లో ఒక పల్లె.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బంతి చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. పట్టుకుని పరిగెత్తాలంటే కొన్ని అడుగులకోసారి నేలకి కొట్టాలి, లేదా కాలి బొటనవేలి మీద వేసి మళ్ళీ చేతుల్లోకి తన్నుకోవాలి (దీన్ని సోలో అంటారు, మావాడు హాల్లో ప్రాక్టీస్ చేసి ఇప్పటికి రెండు గ్లాసులు పగలగొట్టాడు). గోల్‌పోస్టులు హెచ్ అక్షరంలా ఉంటాయి. బార్ కింద నుంచి వెళ్తే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి వెళ్తే మామూలుగా ఒక పాయింటు (2025 నుంచి 40 మీటర్ల గీత అవతల నుంచి కొడితే రెండు). అందుకే స్కోరు 1-9 అని రాస్తారు, అంటే ఒక గోలు, తొమ్మిది పాయింట్లు.

మొదట క్రోక్ పార్క్. డబ్లిన్ ఊరి మధ్యలోనే, ఇళ్ళ మధ్య, 82 వేలమంది పట్టే స్టేడియం. టూర్, మ్యూజియం కలిపి టికెట్ తీసుకోండి, విడిగా మ్యూజియం ఒక్కటే చూస్తే సగం పోయినట్టే. డ్రెస్సింగ్ రూముల్లోకి, ఆటగాళ్ళు బయటికొచ్చే దారిలోంచి గడ్డి అంచు దాకా తీసుకెళ్తారు. గడ్డి మీద కాలు పెట్టనివ్వరు, నాన్న పెట్టబోతే గైడు నవ్వుతూనే ఆపేసింది. పిల్లలకి పైన ఆటలు ఆడుకునే చోటు ఉంది, అక్కణ్ణించి మావాణ్ణి లాక్కురావడానికి అరగంట పట్టింది. పెద్దవాళ్ళకి ఒక హెచ్చరిక: నడక ఎక్కువ, మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులుంటే బుక్ చేసేటప్పుడే లిఫ్ట్ సంగతి అడగండి.

నాన్నకి అన్నిటికన్నా ఆశ్చర్యం, ఈ ఆటగాళ్ళకి జీతాల్లేవని చెప్పినప్పుడు.

"అంటే మ్యాచ్‌కింత అని ఇస్తారేమో?"

"అదీ లేదు నాన్నా. వారమంతా టీచరో, పోలీసో, రైతో. ఆదివారం వచ్చి ఇక్కడ ఎనభై వేలమంది ముందు ఆడి, సోమవారం మళ్ళీ డ్యూటీకి."

"మాకు కబడ్డీ గెలిస్తే పొట్టేలన్నా ఇచ్చేవాళ్ళు కదరా," అన్నారు. గైడుకి తర్జుమా చేసి చెబితే ఆవిడ చాలాసేపు నవ్వింది.

ఈ స్టేడియానికీ డిక్కీన్‌కీ ఉన్న సంబంధం టూర్‌లో ఒక వాక్యంలో దాటేశారు. నాకైతే అసలు కథ అదే అనిపించింది. 1913లో ఈ ఆటల సంఘానికి పోషకుడిగా ఉన్న క్రోక్ ఆర్చిబిషప్ జ్ఞాపకార్థం స్మారకం కట్టడానికి డబ్బు కోసం ఒక పోటీ పెట్టారు. ఫైనల్లో కెర్రీ, లౌత్ జిల్లాలు. మొదటి మ్యాచ్ సమానం అయింది. రెండోదానికి ముప్ఫై వేలమందికి పైగా వచ్చారు, కెర్రీ గెలిచింది. జనం అంత విరగబడి వచ్చేసరికి అనుకున్నదానికన్నా డబ్బు చాలా ఎక్కువ పోగైంది. ఆ డబ్బు ఊతంతోనే అదే ఏడాది చివర్లో 3,500 పౌండ్లకి ఈ స్థలాన్ని కొనేశారు, క్రోక్ పార్క్ అని పేరు పెట్టారు. అంటే మనం నిలబడ్డ నేల డిక్కీన్ జట్టు, లౌత్ జట్టు కలిసి రెండు మ్యాచ్‌లతో సంపాదించి పెట్టిందే అనుకోవచ్చు.

ఇంతకీ జనం ఎందుకంత విరగబడ్డారు? దానికి మూడేళ్ళ ముందు జరిగిన ఒక రైలు గొడవ ఉంది. అది రైల్లో చెప్పుకుంటేనే బాగుంటుంది.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి కిల్లార్నీకి మూడుంబావు గంటలు పైనే. చాలా రైళ్ళకి మాలో అనే చిన్న జంక్షన్‌లో మారాలి. మారడానికి టైం సరిపోతుంది, భయపడక్కర్లేదు, కానీ ప్లాట్‌ఫాం మీద గాలి మాత్రం జూన్‌లో కూడా స్వెట్టర్ అడుగుతుంది. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే టికెట్ బాగా తక్కువ, అప్పటికప్పుడు స్టేషన్లో తీసుకుంటే చేతి చమురే. సీటు మీద మన పేరు కనిపిస్తుందన్నారు. మా బోగీలో ఆ బోర్డులే పనిచేయలేదు. మా సీట్లలో ఒక పెళ్ళికి పోయే గుంపు కూర్చుంది. పాపం నాన్నని చూసి లేచారు, మేం ముగ్గురం మాత్రం మాలో దాకా చెల్లాచెదురు. డబ్బా తెరిచి పులిహోర తింటుంటే ఎదురుగా కూర్చున్న ముసలావిడ వాసన బాగుందని అడిగి మరీ రుచి చూసింది. కారంగా ఉందని కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ ఇంకో చెంచా తీసుకుంది.

రైలు గొడవ ఇది. 1909లో కెర్రీ ఫైనల్లో లౌత్‌ని 1-9, 0-6తో ఓడించింది. 1910లోనూ ఫైనల్ వాళ్ళిద్దరి మధ్యే. డబ్లిన్ వెళ్ళాలి. జట్టు వెంట వచ్చేవాళ్ళకి కూడా తగ్గింపు టిక్కెట్లు కావాలని కెర్రీ వాళ్ళు అడిగారు, ఆనాటి రైలు కంపెనీ కుదరదంది. "అయితే మేం రాం" అని వీళ్ళు ఇంట్లో కూర్చున్నారు. నిజంగానే వెళ్ళలేదు! ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌ని, చాంపియన్లుగా ఉండి, టికెట్ల పట్టింపుతో వదులుకున్నారు. టైటిల్ ఆడకుండానే లౌత్‌కి ఇచ్చేశారు. డిక్కీన్‌కి ఇంకో మెడల్ అవకాశం అలా పోయింది. అప్పణ్ణించి లౌత్ వాళ్ళకి ఎవరన్నా "మీరు ఆడి గెలవలేదుగా" అంటే మంట, కెర్రీ వాళ్ళకి "భయపడి రాలేదు" అంటే మంట. 1913లో ఎదురుపడేసరికి దేశమంతా చూడ్డానికి కదిలింది.

ఇది విని నాన్న, "రైలు టిక్కెట్ దగ్గర పౌరుషానికి పోయారన్నమాట, మనవాళ్ళే," అన్నారు.

దారిలో థర్లెస్ స్టేషన్ వస్తుంది. 1884 నవంబర్ 1న ఈ ఆటల సంఘం, జీఏఏ, పుట్టింది ఆ ఊళ్ళో హేస్ హోటల్లో. కెర్రీ 1905 ఫైనల్లో కిల్డేర్ చేతిలో ఓడిందీ ఆ ఊళ్ళోనే. ఆట పిచ్చి ఉన్నవాళ్ళు దిగొచ్చు. మేం దిగలేదు, ఒక పిల్లాడు, ఒక పెద్దాయన, మూడు బ్యాగులతో ఆ సాహసం అనవసరం.

కిల్లార్నీలో బస. స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాం, నలుగురికి ఫ్యామిలీ రూము, రాత్రికి నూట యాభై యూరోల దాకా అయింది. వేసవి శనివారం కాబట్టి అది చవక కిందే లెక్క. పేరు రాయను, ఎందుకంటే తిట్టాలి. బుక్ చేసేటప్పుడు 'గ్రౌండ్ ఫ్లోర్ అడిగితే ఇస్తాం' అని మెయిల్‌లో రాసి, వెళ్ళాక రెండో అంతస్తు ఇచ్చారు. లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకు, మెట్ల మీద మందం తివాచీ. నాన్న ఏమీ అనలేదు గానీ ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకున్న చెయ్యి చూస్తే నాకే గిల్టీగా అనిపించింది. వేడినీళ్ళు నలుగురిలో ముగ్గురికే సరిపోయాయి, నాలుగోవాణ్ణి ఎప్పుడూ నేనే. కానీ పొద్దున టిఫిన్ మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటా. పంది మాంసం వద్దనగానే ఆ ఇల్లావిడ విడిగా పెనం పెట్టి గుడ్లు, పుట్టగొడుగులు, టమాటాలు వేయించి ఇచ్చింది. బ్రౌన్ బ్రెడ్ ఇంట్లో చేసిందే, వెన్న గురించి చెప్పక్కర్లేదు, కెర్రీ కదా. నాన్న ఓట్స్ గంజిని "జావ" అని పిలిచి, రోజూ రెండుసార్లు వేయించుకున్నారు. మళ్ళీ వెళ్తే అక్కడే ఉంటానా? నాన్న లేకపోతే ఉంటా.

ఫిట్జెరాల్డ్ స్టేడియం లూయిస్ రోడ్డులో, ఊరి నడిబొడ్డు నుంచి పదిహేను నిమిషాల నడక. డిక్కీన్ ఆడిన క్లబ్ డాక్టర్ క్రోక్స్ మైదానం కూడా ఆ రోడ్డులోనే. క్రోక్ పార్క్‌లోలా ఇక్కడ టూర్లూ గైడ్లూ ఆశించకండి. మేం వెళ్ళిన రోజు మ్యాచ్ లేదు, గేటు సగం తెరిచి ఉంది, లోపల గడ్డి పని చూస్తున్న పెద్దాయన్ని అడిగితే "కానివ్వండి, పిచ్ మీదకి మాత్రం వెళ్ళకండి" అన్నాడు. మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా కొండలు. ఐర్లాండ్‌లో ఎత్తయిన శిఖరం ఉన్న వరస అదే, మబ్బు కాసేపు కప్పేసి కాసేపు వదిలేస్తోంది. నేను చూసిన స్టేడియాల్లో కూర్చోడానికే వెళ్ళాలనిపించేది ఇదొక్కటే. పైసా ఖర్చు లేదు. ఊళ్ళో వందల యూరోలు పెట్టి చూసే వాటికంటే ఆ అరగంట నాకు ఎక్కువ మిగిలింది.

ఈ స్టేడియం కట్టిన తీరు కూడా వింతే. పక్కనే సెయింట్ ఫినాన్స్ అనే మానసిక వైద్యశాల ఉండేది, ఆ పాత రాతి భవనం ఇప్పుడు ఖాళీగా పడి ఉంది. అక్కడి డాక్టర్ ఎమన్ ఓ సల్లివన్ కెర్రీ జట్టుకి శిక్షకుడు కూడా. ఆయన హయాంలో కెర్రీ ఎనిమిది టైటిళ్ళు గెలిచింది. ఊరి వాలంటీర్లతో పాటు ఆసుపత్రి రోగులు కూడా నేల చదును చేసే పనిలో చేతులు వేశారు, పనే వైద్యం అని ఆయన నమ్మకం. ఆ రోగులని ఎవరు అడిగారో, వాళ్ళకి ఇష్టమో కాదో అన్న ప్రశ్న మా ఆవిడ వేసింది, నా దగ్గర జవాబు లేదు. 1936లో స్టేడియం తెరిచారు. మరుసటేడు డబ్లిన్‌లో కట్టుబడి పనుల వల్ల హర్లింగ్ (కర్రతో ఆడే ఇంకో ఐరిష్ ఆట) ఆల్ ఐర్లాండ్ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది.

ఆ మెట్ల మీదే మావాడు తన ప్రాజెక్ట్ కాగితాలు తీసి తాతయ్యకి చదివి వినిపించాడు. 1903 ఫైనల్ జరిగింది 1905లో! అప్పట్లో పోటీలు అలా ఏళ్ళకేళ్ళు వెనకబడేవి, మన యూనివర్సిటీ సప్లిమెంటరీ పరీక్షల్లాగా. కెర్రీ, కిల్డేర్ మూడుసార్లు ఆడాల్సొచ్చింది. మొదటిసారి టిప్పరరీలో డిక్కీన్ కొట్టిన ఫ్రీకిక్‌ని గోల్‌కీపర్ పట్టుకున్నాడు, అయితే పట్టుకుని గీత దాటాడా లేదా అని రచ్చ, జనం మైదానంలోకి వచ్చేశారు. రెండోసారి కార్క్‌లో సమానం. మూడోసారి కెర్రీ 0-8, 0-2. ఆ తర్వాత లండన్ జట్టుని కూడా ఓడించాకే టైటిల్ దక్కింది, కెర్రీకి అదే మొట్టమొదటి ఆల్ ఐర్లాండ్. ఇవాళ ఆ లెక్క 2025తో 39కి చేరింది, దేశంలో ఎవరికీ అన్ని లేవు.

డిక్కీన్ ఆడిన కాలంలో ఆటే మారిపోయింది. అతను మొదలుపెట్టినప్పుడు జట్టుకి 17 మంది, గోల్‌కి అటూ ఇటూ ఇంకో రెండు కర్రలు విడిగా ఉండేవి, వాటి మధ్యనుంచి పోతే పాయింటు. 1910లో ఆ కర్రలు పీకి హెచ్ ఆకారం పెట్టారు, 1913లో జట్టుని 15కి తగ్గించారు. మనిషి తగ్గితే మైదానంలో ఖాళీ పెరుగుతుంది. తోసుకోవడం తగ్గి, ఆలోచన ఉన్నవాడికి పని దొరుకుతుంది. బంతిని వంపు తిప్పి కొట్టడంలో డిక్కీన్‌కి పేరు. పదిహేనుమంది ఆట మొదలైన ఏడాదే కెప్టెన్‌గా వెక్స్‌ఫర్డ్‌ని 2-2, 0-3తో ఓడించాడు, మరుసటేడు మళ్ళీ వాళ్ళనే, రెండో మ్యాచ్ దాకా లాగి మరీ. 1914లోనే 'గేలిక్ ఫుట్‌బాల్ ఆడటం ఎలా' అని పుస్తకం రాశాడు, ఈ ఆట మీద వచ్చిన తొలి శిక్షణ పుస్తకం అది. 1915లో మాత్రం వెక్స్‌ఫర్డ్ వాళ్ళు లెక్క సరిచేశారు.

"కప్పు ఎత్తిన ఫోటో లేదేంట్రా?" అని నాన్న అడిగారు. ఇప్పుడు ఇచ్చే సామ్ మగ్వైర్ కప్పు 1928లో వచ్చింది. అతని కాలానికి అది లేనే లేదు.

ఇంక మిగతా కిల్లార్నీ త్వరగా చెప్పేస్తా. మక్‌రాస్ హౌస్ బాగుంది, తోట ఇంకా బాగుంది. రాస్ కాజిల్ బయటనుంచి చూసినా చాలు. టోర్క్ జలపాతం మా పిల్లాడికి నచ్చింది, మన తలకోన చూసినవాళ్ళకి చిన్నదే. గుర్రబ్బండి, ఇక్కడ జాంటింగ్ కార్ అంటారు, తోలేవాణ్ణి జార్వీ అంటారు, తప్పకుండా ఎక్కండి, కానీ ఎక్కేముందే మొత్తం ఎంత, మనిషికా బండికా, రానూపోనూనా అని మూడూ అడగండి. మేం రెండే అడిగాం, మూడోదానికి దండగ కట్టాం. దిగేటప్పుడు వాదించే ఓపిక నాకు లేదు, మా ఆవిడకి ఉంది, పది యూరోలు వెనక్కి తెచ్చింది.

స్టేషన్ దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు కోర్టు భవనం ముందు ఆగాం. 1930 సెప్టెంబర్‌లో, కెర్రీ ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌కి ఇంకా రెండు రోజులుందనగా, డిక్ ఫిట్జెరాల్డ్ ఊళ్ళోని కోర్టు భవనం పైకప్పు మీదనుంచి పడి చనిపోయాడు. యాభై కూడా నిండలేదు. అయినా జట్టు వెళ్ళి ఆడింది, మోనహన్‌ని 3-11, 0-2తో చిత్తుగా ఓడించింది. మావాడు ఈ ముక్క ప్రాజెక్ట్‌లో రాయాలా వద్దా అని అడిగాడు. తాతయ్య రాయమన్నారు.

వేల్స్ సంగతి ఆఖర్న. 1916లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు పట్టుకెళ్ళి నిర్బంధించిన దాదాపు 1800 మంది ఐరిష్ వాళ్ళలో డిక్కీన్ ఒకడు. బాలా పట్నం దగ్గర ఫ్రోన్‌గోఖ్ అనే పల్లెలో, మూతపడిన విస్కీ ఫ్యాక్టరీలో క్యాంపు. ఖైదీలు అక్కడి మైదానానికి క్రోక్ పార్క్ అని పేరు పెట్టుకుని పోటీలు ఆడారు. ఫైనల్లో ఎవరెవరు అనుకున్నారు? కెర్రీ, లౌత్! డిక్కీన్ కెప్టెన్, ఒక్క పాయింట్ తేడాతో కెర్రీ. ఈసారి రైలు టికెట్ ఖర్చు ప్రభుత్వానిదే.

దీనికి వీసా చూసుకోండి. ఇండియా నుంచి విజిటర్‌గా వచ్చినవాళ్ళ ఐరిష్ వీసా మీద 'బీఐవీఎస్' అని ఉంటే అదే వీసాతో బ్రిటన్‌కీ వెళ్ళొచ్చు. నాన్నకి అది ఉంది. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఇండియా పాస్‌పోర్టు మీద ఉన్న నాలాంటివాళ్ళకి మాత్రం విడిగా బ్రిటన్ వీసా కావాలి. తెనాలి నుంచి నెల కింద వచ్చిన మనిషి దర్జాగా వెళ్ళొచ్చు, ఏళ్ళుగా ఇక్కడ పన్ను కడుతున్నవాడికి కుదరదు. అదృష్టం కొద్దీ ఆఫీసు పని మీద తీసుకున్న వీసా నాకు ఇంకా మిగిలుంది, అందుకని నాన్నా నేనూ ఇద్దరమే కారేసుకుని డబ్లిన్ నుంచి హోలీహెడ్‌కి ఓడలో వెళ్ళాం, మూడుంబావు గంటలు. ఓడ బాగుంది, టీ బాగాలేదు. అక్కణ్ణించి కొండదారిలో రెండు గంటల డ్రైవింగ్.

నిజం చెప్పాలంటే, ఫ్రోన్‌గోఖ్‌లో చూడటానికి దాదాపు ఏమీ లేదు. రోడ్డు, ఒక స్కూలు, గొర్రెలు, ఐరిష్, వెల్ష్, ఇంగ్లీష్ మూడు భాషల్లో ఒక ఫలకం. పిల్లల్ని తీసుకెళ్తే తిట్టుకుంటారు. బాలా సరస్సు పక్కన ఒక రాత్రి ఉండే ప్లాను ఉంటేనే వెళ్ళండి, దీనికోసమే అయితే డబ్బు దండగ. మేం ఫలకం దగ్గర పావుగంట నిలబడ్డాం, సన్నగా వాన. నాన్న మొబైల్లో ఫలకం ఫోటో తీసి మనవడికి పంపించారు. "మైదానం ఏదీ?" అని వాడి దగ్గర్నించి మెసేజ్. నాన్న గొర్రెలున్న పొలానికి ఒక ఫోటో తీసి అదీ పంపించారు.